మోకాలు చెప్పిన మాట

2003లో నేను పదో తరగతి చదువుతున్నాను. అప్పటి చిత్తూరు జిల్లాలో మా స్కూలు కబడ్డీ జట్టుకి రైడర్‌ని. జిల్లా సెలక్షన్లు వారం రోజులుందనగా ఒక సాయంత్రం కూతకు వెళ్లి, గీత దాకా పోయి వెనక్కి తిరగబోయాను. పాదం మట్టిలో నాటుకున్నట్టు అక్కడే ఉండిపోయింది. ఒళ్లు మాత్రం తిరిగింది. మోకాలి లోపల ‘టప్’మని శబ్దం. ఎండు కొమ్మ విరిగినట్టు. అది నాకొక్కదానికే వినపడింది.

“సార్, లోపల ఏదో తెగింది” అన్నాను. మా పి.ఇ.టి. సార్ మోకాలి వంక చూశాడు. రక్తం లేదు. వాపు ఇంకా రాలేదు. “ఏమీ తెగలా. నాటకాలు ఆడబాకు, లెయ్యి” అన్నాడు. స్ప్రే కొట్టి మళ్లీ కూతకు పంపాడు. రెండో అడుగులోనే పడిపోయాను.

రాత్రికి మోకాలు కుండంత అయింది. మర్నాడు అమ్మ నన్ను పుత్తూరు కట్టు కట్టే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయింది. ఆయన కాలు ముట్టుకునే ముందే అడిగాడు, “ఎట్ల పడినావు పాపా? లోపల శబ్దం ఏమన్నా వచ్చిందా?” అని. నేను చెప్పిందంతా విని, తర్వాత తడిమి చూసి, “ఎముక బాగానే ఉందమ్మా. లోపల నరం తెగినట్టుంది. నా కట్టుకి అయ్యేది కాదు. పెద్దాసుపత్రికి తీసుకుపో” అన్నాడు. పెద్దాసుపత్రికి పోవడానికి మా ఇంట్లో డబ్బు లేదు. ఆడపిల్ల మోకాలి కోసం అంత దూరం పోవాలన్న ఆలోచన అంతకన్నా లేదు. నా ఆట అక్కడితో ఆగిపోయింది.

తొమ్మిదేళ్ల తర్వాత పీహెచ్‌డీ చేస్తుండగా మెట్ల మీద మోకాలు జారి పడితే ఎం.ఆర్.ఐ. తీశారు. తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ మోకాలి లోపల పట్టి ఉంచే ఎ.సి.ఎల్. అనే బంధనం ఎప్పుడో పూర్తిగా తెగిపోయి ఉంది. ఆ డాక్టరమ్మ కాగితం మీద మొదటి గడి పేరు ‘హిస్టరీ’. అంటే రోగి తన నోటితో చెప్పే కథ. “ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పండి” అంది. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. నొప్పికి కాదు. ‘టప్’మన్న ఆ శబ్దాన్ని తొమ్మిదేళ్లకి ఒకరు కాగితం మీద రాసుకున్నందుకు.

సాహిత్య విద్యార్థిగా నాకు తెలిసిన పని ఒకటే. ఒక కథ చేతికిస్తే ఎవరు చెప్తున్నారు, ఎవరి గొంతు లేదు, ఎవరి గురించి ఎవరు మాట్లాడుతున్నారు అని అడగడం. అదే ప్రశ్నతో కొన్నేళ్లుగా క్రీడావైద్యం చరిత్రను చదువుతున్నాను. నా మోకాలితో మొదలైన చదువే అయినా ఇది నా ఒక్కదాని కథ కాదని తొందరగానే అర్థమైంది. ఆటగాళ్ల వైద్యానికి పునాది ఏమిటంటే శరీరధర్మశాస్త్రం అనో, గాయాల చికిత్స అనో, పోషకాహారం అనో పుస్తకాలు చెప్తాయి. నిజమే. కానీ వాటన్నిటి కిందా ఇంకొక రాయి ఉంది. ఆడే మనిషి తన దేహం గురించి చెప్పే మాటను నమ్మడం. స్త్రీల విషయంలో ఈ వైద్యం ఆ రాయి వేయకుండానే గోడలు లేపింది.

పాత కథ ఒకటుంది. ప్రాచీన గ్రీసులో ఒలింపిక్స్ చూడటానికి పెళ్లైన స్త్రీలకు అనుమతి లేదు. కల్లిపటీరా అనే ఆమె శిక్షకుడిలా మగవేషం వేసుకుని కొడుకును పోటీకి తీసుకొచ్చిందనీ, కొడుకు గెలిచిన సంతోషంలో కంచె దూకుతుంటే బయటపడిపోయిందనీ పౌసానియస్ రాశాడు. తండ్రీ, అన్నదమ్ములూ, కొడుకూ అందరూ ఒలింపిక్ విజేతలు కావడంతో ఆమెను క్షమించారు. ఆ తర్వాత శిక్షకులు కూడా బట్టలు లేకుండానే రావాలని నియమం పెట్టారు. ఒక ఆటగాడి బాగోగులు చూసుకోవడానికి స్త్రీ మైదానంలో అడుగుపెడితే ఆ సమాజం ఆమెను ‘ఎందుకొచ్చావమ్మా’ అని అడగలేదు. ఇంకోసారి ఎవరూ రాకుండా దేహాలను తనిఖీ చేసే పద్ధతి కనిపెట్టింది. ఈ కథ ఎంతవరకు జరిగిందో గానీ, ఇరవయ్యో శతాబ్దంలో మాత్రం అచ్చంగా ఇలాగే జరిగింది.

క్రీడావైద్యుల్లో తొలితరం వాడిగా పేరున్న గాలెన్ క్రీ.శ. 157లో పెర్గమాన్‌లో గ్లాడియేటర్ల వైద్యుడిగా చేరాడు. తెగిన కండరాల్నీ స్నాయువుల్నీ కళ్లారా చూసి చాలా నేర్చుకున్నాడు. తన హయాంలో చావులు తగ్గాయని చెప్పుకున్నాడు కూడా. అయితే అతన్ని నియమించింది గ్లాడియేటర్లు కాదు, వాళ్ల పోటీలు జరిపించే ప్రధాన పూజారి. మనిషి మళ్లీ బరిలోకి దిగాలన్నది పూజారి అవసరం. వైద్యుడు దేహానికి జవాబుదారీయా, దేహాన్ని పోషించే యజమానికా? ఈ చిక్కు పుట్టుకతోనే ఉంది. అది మగవాళ్లనూ వదల్లేదు. కానీ నోరు తెరిచే హక్కు మొదటే లేని వాళ్ల మీద దాని బరువు రెట్టింపు పడింది.

ఇక ఆధునిక కాలానికి వద్దాం. 1928 ఫిబ్రవరిలో సెయింట్ మోరిట్జ్‌లో శీతాకాల ఒలింపిక్స్ జరుగుతున్నప్పుడు 11 దేశాల వైద్యులు కూడి అంతర్జాతీయ క్రీడావైద్య సంఘాన్ని స్థాపించారు. ఇవాళ ఎఫ్.ఐ.ఎం.ఎస్. అని పిలిచే సంస్థ అదే. దాని తొలి మహాసభ అదే ఏడాది ఆగస్టులో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది. ఆ ఆగస్టులోనే, ఆ ఊళ్లోనే, ఒలింపిక్స్‌లో స్త్రీలు మొదటిసారి 800 మీటర్లు పరుగెత్తారు. ఆగస్టు 2న ఫైనల్. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచింది. జపాన్ అమ్మాయి హితోమి కినుయె రెండోది.

పత్రికలకు కనిపించింది రికార్డు కాదు. పరుగు అయ్యాక గడ్డి మీద పడుకుని ఆయాసపడుతున్న ఆడవాళ్లు. పదకొండు మంది పరుగెత్తితే అయిదుగురు మధ్యలోనే ఆగిపోయారని, మిగతావాళ్లు కుప్పకూలారని రాశారు. నిజానికి ఫైనల్లో ఉన్నది తొమ్మిది మంది. తొమ్మిది మందీ పూర్తి చేశారు. మగవాళ్లు గీత దాటి కిందపడితే అది పోరాటం. ఆడవాళ్లు పడితే అది జబ్బు! ఇంత దూరం స్త్రీల గర్భాశయానికి ప్రమాదమనీ, తొందరగా ముసలివాళ్లైపోతారనీ హెచ్చరించిన వైద్యులకు ఆ వార్తలు సాక్ష్యమయ్యాయి. 800 మీటర్ల పరుగును స్త్రీల నుంచి తీసేశారు. మళ్లీ 1960 రోమ్‌లో గానీ రాలేదు. 32 ఏళ్లు! ఒక తరం అమ్మాయిలు పరుగెత్తే వయసు దాటి, పెళ్లిళ్లు చేసుకుని, నాయనమ్మలయ్యేంత కాలం.

ఒక తప్పుడు కథనం వైద్యనిర్ణయంగా మారిన తీరు చూడండి. ఆ తొమ్మిది మందినీ నీకెలా ఉందమ్మా అని అడిగి ఉంటే, గంట తర్వాత నాడి చూసి ఉంటే చాలు. క్రీడావైద్యులు మహాసభ జరుపుకుంటున్న ఊళ్లోనే ఆ పని జరగలేదు. ఆడవాళ్ల హిస్టరీని గ్యాలరీలో కూర్చున్న మగవాళ్లు రాశారు.

నలభై ఏళ్లు గడిచేసరికి అనుమానం రూపం మార్చుకుంది. ‘పాపం, ఈమె తట్టుకోలేదు’ అన్న చోట ‘ఇంత బాగా ఆడుతోందంటే అసలు ఆడదేనా?’ వచ్చింది. 1966లో బుడాపెస్ట్‌లో ఐరోపా పోటీలకు వచ్చిన క్రీడాకారిణులను డాక్టర్ల ముందు నగ్నంగా నిలబెట్టారు. 1968 నుంచి ఒలింపిక్స్‌లో బుగ్గ లోపలి నుంచి కణాలు తీసి క్రోమోజోములు చూశారు. పాసైన వాళ్లకు స్త్రీ అని ఒక ధ్రువపత్రం! ఈ పరీక్షలు ఒలింపిక్ వైద్యసంఘం చేతుల మీదుగానే జరిగాయి. అంటే ఆ మూడు దశాబ్దాల్లో ఒక క్రీడాకారిణికీ ఒలింపిక్ వైద్యానికీ మధ్య తొలి పరిచయం ఆమె స్త్రీ అవునో కాదో తేల్చే బల్ల దగ్గర జరిగింది. జన్యువులు, హార్మోనులు, అవయవాలు అందరిలో ఒకే తీరుగా కలిసి ఉండవని వైద్యులే అభ్యంతరం చెప్పగా చెప్పగా 1999లో అందరికీ చేసే పరీక్షను ఆపారు. ఆ తర్వాతి సిడ్నీ ఒలింపిక్స్‌లోనే మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లేశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ బరువు ఎత్తడానికి ఆమె ముందుగా ధ్రువపత్రం చూపించాల్సిన పని లేకపోయిందని తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

అందరికీ చేసే పరీక్ష పోయినా అనుమానం వచ్చిన వాళ్లకు చేయడం పోలేదు. 2006 డిసెంబర్‌లో దోహా ఏషియన్ గేమ్స్‌లో తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరాజన్ వెండి పతకం గెలిచింది. మళ్లీ అదే 800 మీటర్లు! ఇటుక బట్టీల్లో పనిచేసే దళిత కుటుంబం వాళ్లది. పరీక్ష చేశారు, పతకం వెనక్కి తీసుకున్నారు. ఆ సంగతి దేశమంతా టీవీల్లో మోగింది. ఆమెతో కూర్చుని ‘నీ ఒంట్లో ఉన్నది ఇది, ఇందులో నీ తప్పేం లేదు’ అని చెప్పిన వైద్యం లేదు. మరుసటి ఏడాది ఆమె ఆత్మహత్యకు ప్రయత్నించింది. బతికింది. తర్వాత పిల్లలకు పరుగు నేర్పింది. ఒక జబ్బు గురించి రోగికి చెప్పకుండా ఊరందరికీ చెప్పే డాక్టరును మనం ఏమంటాం? మరి శాంతికి జరిగినదాన్ని ఏమనాలి?

2014లో ద్యుతీ చంద్ వంతు వచ్చింది. ఒడిశా చేనేత కుటుంబం అమ్మాయి. మన హైదరాబాదులో శిక్షణ తీసుకున్న పరుగుల రాణి. సహజంగా ఒంట్లో ఉన్న టెస్టోస్టిరాన్ ఎక్కువని కామన్వెల్త్ క్రీడల ముందు పక్కన పెట్టారు. ఆమె ఊరుకోలేదు. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జులైలో ఆ న్యాయస్థానం నిబంధనను నిలిపేసింది. శాంతికి లేని అండ ద్యుతీకి దొరికింది కాబట్టి ఆమె మాట రికార్డులకెక్కింది. ఆ చర్చ ఇంకా ముగియలేదు. ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2025 సెప్టెంబర్ నుంచి మహిళా విభాగంలో ప్రపంచ స్థాయి పోటీలకు జన్యుపరీక్ష తప్పనిసరి చేసింది. పోటీలో న్యాయం ఉండాలన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు. ఓడిపోయిన వాళ్లూ స్త్రీలే. కానీ పరీక్ష ఫలితం చేతికొచ్చాక ఆ పద్దెనిమిదేళ్ల పిల్లను ఎవరు పట్టుకుంటారు? ఆ ప్రశ్నకు జవాబు లేని నియమాన్ని వైద్యం అనకూడదు. తనిఖీ అనాలి.

ఇంతగా స్త్రీ దేహాన్ని తరచి చూసిన ఈ వైద్యానికి ఆ దేహం రోజూ చెప్పే మాటలు మాత్రం వినపడలేదు. మా జట్టులో నా స్నేహితురాలొకతె ఉండేది. తర్వాత స్పోర్ట్స్ హాస్టల్లో చేరి దూరపు పరుగులకు మారింది. ఏడాదిపాటు నెలసరి రాలేదు. మేమంతా అదృష్టవంతురాలివే అన్నాం! శిక్షణ ఒంటికి పట్టిందనుకున్నారు పెద్దవాళ్లు. ఆ తర్వాత ముంగాలు నొప్పి. చివరికి ఆ ఎముకలో సన్నని పగులు. ఈ మూడింటినీ కలిపి అడిగిన వాళ్లు లేరు.

అవి మూడూ ఒకే కథ అని అమెరికా క్రీడావైద్యులు ఒక పేరు పెట్టింది 1992లో. సరిపడా తినకపోవడం, నెలసరి ఆగిపోవడం, ఎముక పలచబడటం. తిన్నదానికన్నా ఖర్చయ్యేది ఎక్కువైనప్పుడు మెదడు పొదుపు మొదలుపెడుతుంది. అండాశయాలను మేల్కొలిపే సంకేతాలను తగ్గిస్తుంది. ఈస్ట్రోజెన్ పడిపోతుంది. దాన్ని ఆనుకుని బలంగా ఉండాల్సిన ఎముక పదిహేడేళ్లకే గుల్లబారడం మొదలవుతుంది. నెలసరి ఆగడం దేహం పంపే మొదటి ఉత్తరం. మనం దాన్ని విప్పకుండానే సంతోషించాం. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఈ శక్తి లోటు గుండెనూ, రోగనిరోధక శక్తినీ, మనసునూ కూడా దెబ్బతీస్తుందనీ, మగ క్రీడాకారులకూ వస్తుందనీ విస్తరించి చెప్పింది. ఆడవాళ్ల మాట వింటే మగవాళ్లకూ మేలే జరిగిందన్నమాట.

మరి ఇన్నాళ్లు ఎందుకు పట్టింది? 2014 నుంచి 2020 దాకా ప్రధాన క్రీడావైద్య పత్రికల్లో వచ్చిన అయిదు వేలకు పైగా అధ్యయనాలను కొందరు పరిశోధకులు లెక్కపెట్టి 2021లో ప్రచురించారు. పాల్గొన్న వాళ్లలో స్త్రీలు 34 శాతం. కేవలం స్త్రీల మీద చేసినవి 6 శాతం. కేవలం మగవాళ్ల మీద చేసినవి 31 శాతం. నెలనెలా మారే హార్మోనుల వల్ల లెక్కలు చిక్కుపడతాయని స్త్రీలను పక్కన పెట్టడం పరిశోధకులకు అలవాటు. ఆ చిక్కే కదా తెలుసుకోవాల్సింది! పాఠ్యపుస్తకాల్లో స్త్రీలు ఎక్కడుంటారో చూడండి. చాలావాటిలో చివరన, ‘ప్రత్యేక వర్గాలు’ అన్న అధ్యాయంలో, పిల్లల పక్కన, వృద్ధుల పక్కన. లోకంలో సగం ప్రత్యేక వర్గం అయింది.

చెప్పినా వినకపోతే ఏమవుతుందో అతి భయంకరంగా చూపించింది అమెరికా జిమ్నాస్టిక్స్. జట్టు డాక్టరు లారీ నాసర్ రెండు దశాబ్దాలకు పైగా చికిత్స పేరుతో బాలికలపై లైంగిక దాడులు చేశాడు. 1990లలోనే కొందరు అమ్మాయిలు పెద్దవాళ్లకు చెప్పారు. అది చికిత్సే, నువ్వే అపార్థం చేసుకున్నావు అన్నారు. 2018 జనవరిలో మిచిగన్ కోర్టులో 150 మందికి పైగా స్త్రీలు ఏడు రోజుల పాటు ఒకరి తర్వాత ఒకరు నిలబడి చెప్పారు. న్యాయమూర్తి అందరినీ మాట్లాడనిచ్చింది. తర్వాతే 40 నుంచి 175 ఏళ్ల శిక్ష పడింది. ఆ వాంగ్మూలాలను నేను స్త్రీల ఆత్మకథా సాహిత్యంగానే చదివాను. వాటిలో పదేపదే కనిపించేది నొప్పి కన్నా ఎక్కువగా సందేహం. డాక్టరు కదా, నా ఒంటి గురించి నాకన్నా ఆయనకే తెలుసేమో అన్న సందేహం. ‘నాటకాలు ఆడబాకు’ అన్న మాటకీ దీనికీ దూరం చాలా ఉంది. దారి మాత్రం ఒకటే. తన దేహం గురించి తాను చెప్పే మాటకు విలువ లేదని ఒక పిల్లకు నేర్పితే, ఆ తర్వాత ఎవరైనా ఏమైనా చేయొచ్చు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండు దృశ్యాలు చూశాం. 50 కిలోల కుస్తీలో ఫైనల్ చేరిన వినేశ్ ఫోగట్ 100 గ్రాముల ఎక్కువ బరువుకి అనర్హురాలైంది. రాత్రంతా చెమటోడ్పించారు, జుట్టు కత్తిరించారు, బట్టలు కురచ చేశారు. ఒంట్లో నీరు ఇంకిపోయి సెలైన్ ఎక్కించుకునే స్థితికి చేరింది. తర్వాత మన ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలు పి.టి. ఉష బరువు చూసుకునే బాధ్యత క్రీడాకారులదీ, వాళ్ల కోచ్‌లదీ, సంఘం వైద్యబృందానిది కాదు అన్నారు. నిబంధన ప్రకారం అది సరైన మాటే కావచ్చు. కానీ పరుగు కోసం తన దేహాన్ని ధారపోసిన స్త్రీ నోట ఆ మాట వచ్చినప్పుడు నాకు కష్టం వేసింది. కుర్చీలో కూర్చున్నది స్త్రీ అయినంత మాత్రాన కుర్చీ భాష మారదు.

రెండో దృశ్యం మీరాబాయి చాను. 49 కిలోల విభాగంలో 199 కిలోలు ఎత్తి, ఒక్క కిలో తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. బయటికొచ్చి ఇది నా నెలసరి మూడో రోజు, కాస్త నీరసంగా ఉండింది అని మామూలుగా చెప్పింది. సాకు అన్న వాళ్లు ఉన్నారు. నాకది ఒక క్రీడాకారిణి తన హిస్టరీని తానే, అందరి ముందూ రాసుకున్న సందర్భం.

క్రీడావైద్యం వద్దని నేను అనడం లేదు. అది అందకే కదా నా ఆట పోయింది! ఎ.సి.ఎల్. తెగే ప్రమాదం అవే ఆటలాడే మగపిల్లల కన్నా ఆడపిల్లలకు రెండు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువని చెప్పింది ఈ శాస్త్రమే. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలడం, తొడ వెనక కండరాలకు బలం చాలకపోవడం కొన్ని కారణాలనీ చెప్పింది. ఆట ముందు ఇరవై నిమిషాలు సరైన వార్మప్ చేస్తే గాయాలు బాగా తగ్గుతాయని నార్వేలో ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిలతో చేసిన అధ్యయనం 2008లో చూపించింది. ఒంటికాలి మీద నిలబడటం, కూర్చుని లేవడం, దూకి మెత్తగా దిగడం. దానికి యంత్రాలు అక్కర్లేదు, మా స్కూలు మట్టి నేల చాలు. ఇరవై నిమిషాల ఓపికా, ఆడపిల్ల మోకాలు కూడా దాచుకోదగ్గదే అన్న నమ్మకమూ ఉంటే సరిపోయేది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లాను. మా అన్న కూతురు ఇప్పుడు తొమ్మిదో తరగతి, కబడ్డీ ఆడుతుంది. మెట్ల మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటుంటే చూసి పక్కన కూర్చున్నాను. “ఏం లేదులే అత్తా, పడినాను అంతే” అంది. తనకి తనే సార్ మాట అప్పజెప్పుకుంటోంది, పద్నాలుగేళ్లకే!

“ఎట్ల పడినావు? లోపల శబ్దం ఏమన్నా వచ్చిందా?” అని అడిగాను.

నా ముఖం వైపు ఒక్క క్షణం చూసి చెప్పడం మొదలుపెట్టింది. శబ్దం రాలేదట. వాపు లేదు. కాలు పూర్తిగా చాస్తోంది. బంధనం తెగిన లక్షణాలేవీ కనపడలేదు. అయినా తిరుపతిలో డాక్టరుకు ఒకసారి చూపిద్దామని మా అన్నకు చెప్పాను. ఆ పిల్ల మాత్రం మోకాలితో ఆగలేదు. నెలసరి రోజుల్లో కూతకు పోవాలంటే ఎందుకు భయమో, బట్టలు మార్చుకోవడానికి గ్రౌండు దగ్గర గది లేకపోవడం ఎంత ఇబ్బందో, ఏ సీనియర్ అక్క ఎందుకు ఆట మానేసిందో, అన్నీ చెప్పింది. నేను అడిగింది ఒక్క ప్రశ్న. భోజనానికి వదిన రెండుసార్లు పిలిచినా ఆమె కథ అవలేదు.